నాన్నగారిని డిమెన్షియా కేంద్రంలో చేర్చాము. తప్పు చేశానన్న బాధ వదలడం లేదు

ప్రశ్న: కూకట్‌పల్లి వాసి

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి డెబ్బై ఆరేళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందారు. ఉద్యోగంలో ఎక్కువ కాలం విజయవాడ, మచిలీపట్నం మధ్యనే తిరిగారు. కొన్నేళ్ల క్రితం అల్జీమర్స్ (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా క్షీణించే డిమెన్షియాలో ఒక రకం) అని నిర్ధారణ కావడంతో అమ్మను, ఆయనను హైదరాబాదులో మా ఇంటికి తీసుకువచ్చాను. మొదట్లో పేర్లు మరిచిపోవడం, అడిగిందే మళ్లీ అడగడం, అంతవరకే ఉండేది. దినపత్రికను వేలెడు వెడల్పు ముక్కలుగా చించి, మడిచి వేళ్ల సందున పట్టుకుని, ఇంటికి వచ్చినవారినల్లా ఎక్కడ దిగాలని అడిగేవారు. మా పిల్లలు ఉయ్యూరనీ పామర్రనీ చెప్పి ఆ కాగితం ముక్కలు తీసుకునేవారు. అందరం నవ్వుకునేవాళ్లం, ఆయన కూడా నవ్వేవారు.

గత ఏడాదిగా పరిస్థితి మారిపోయింది. రాత్రి రెండింటికో మూడింటికో లేచి, చొక్కా తొడుక్కుని, ఫస్ట్ సర్వీసు వెళ్లిపోతోందంటూ తలుపు దగ్గర నిలబడేవారు. ఒకనాడు గడియ సరిగా పడక బయటికి వెళ్లిపోయారు. తెల్లవారుజామున బస్టాపులో నిలబడినవాళ్లను చిల్లర ఇవ్వమని అడుగుతుంటే ఒక డ్రైవరు సంగతి గ్రహించి, కూర్చోబెట్టి, జేబులోని కాగితం మీదున్న నంబరుకు ఫోన్ చేశాడు. ఆ తరువాత ఒక రాత్రి అడ్డువెళ్లిన అమ్మను తోసేశారు. అమ్మ మణికట్టు విరిగింది. ఇంట్లో రాత్రింబవళ్లు ఇద్దరు మనుషులుంటే తప్ప ఇది సాగదని న్యూరాలజిస్టు స్పష్టంగా చెప్పారు. అటెండెంట్లను పెట్టి చూశాము, ఎవరూ నిలవలేదు. చివరికి ఈ వేసవి మొదట్లో నగరం శివార్లలో డిమెన్షియా ఉన్నవారికోసమే నడిపే ఒక కేంద్రంలో చేర్చాము.

అక్కడ శుభ్రంగానే ఉంది, మనుషులూ మర్యాదగానే ఉన్నారు. అయినా నాకు స్థిమితం లేదు. నిజం చెప్పాలంటే ఇప్పుడు రాత్రిపూట నిద్ర పడుతోంది, ఆ నిద్ర పట్టడమే నన్ను ఎక్కువగా బాధిస్తోంది. ఆదివారం చూడడానికి వెళితే, “డ్యూటీ అయిపోయింది, ఇంటికి పోదాం పద” అంటారు. డాక్టరుగారు రేపు వస్తారు, ఆయన చూశాక వెళదామని చెప్పి వచ్చేస్తాను. పది పైసల తేడా వచ్చినా లెక్క సరిపడేదాకా డిపో వదలని మనిషితో వారం వారం అబద్ధం ఆడుతున్నాను. అమ్మ భోజనానికి కూర్చుని, ఆయన తిన్నారో లేదో అంటూ కంచం ముందు అలాగే ఉండిపోతుంది. మొన్న ఒక గృహప్రవేశంలో మా పెద్దనాన్నగారు నలుగురిలో, “ఇద్దరు కొడుకులుండి ఆశ్రమంలో పడేశారు, దీనికి చట్టంలో శిక్ష కూడా ఉంది” అన్నారు. తమ్ముడు పుణేలో ఉంటాడు. డబ్బు పంపుతాడు, కానీ ఈ విషయం మాట్లాడడానికి ఇష్టపడడు.

ఈ దశ దాటినవారిని అడుగుతున్నాను. ఈ బాధ ఎప్పటికైనా తగ్గుతుందా? ఇంటికి తీసుకువెళ్లమన్నప్పుడు ఏమని చెప్పాలి? దసరాకు రెండు రోజులు ఇంటికి తీసుకురావచ్చా? అమ్మను ఎలా నిలబెట్టుకోవాలి?


జవాబు: బెంగళూరు నుంచి ఒక కూతురు

మీ ఉత్తరం చదివి చాలాసేపు జవాబు రాయలేకపోయాను. మా అమ్మ చివరి కొన్నేళ్లు ఇక్కడి ఒక కేంద్రంలోనే గడిపింది, అక్కడే పోయింది. ఊరటగా ఉండేందుకని ఏదో ఒకటి రాయడం నాకు ఇష్టం లేదు కాబట్టి, నాకు తెలిసినంతవరకు ఉన్నదున్నట్టు చెబుతాను.

ముందుగా ఇంటికి పోదామన్న మాట గురించి. మా అమ్మ మా ఇంట్లోనే ఉన్న రోజుల్లో కూడా పొద్దు వాలేసరికి రెండు చీరలు మడతపెట్టి సంచిలో పెట్టుకుని, చీకటి పడకముందే మా ఇంటికి పంపించమని నా కాళ్లావేళ్లా పడేది. ఆమె అడిగేది అనంతపురంలో ఆమె పుట్టి పెరిగిన ఇల్లు. అది ఆమె పెళ్లికి ముందే చేతులు మారింది. సాయంత్రపు వేళ ఇలాంటి కలవరం పెరగడం ఈ జబ్బులో చాలామందిలో కనిపిస్తుంది, డాక్టర్లు దీన్ని సన్‌డౌనింగ్ అంటారు. మీ నాన్నగారు మీ ఇంట్లో ఉన్నప్పుడూ రాత్రి మూడింటికి ఎక్కడికో బయలుదేరుతూనే ఉన్నారు కదా. ఇప్పుడు మీరు ఆయనను కారెక్కించుకుని కూకట్‌పల్లి తీసుకువచ్చినా, గంట గడిచేసరికి అదే మాట అంటారు. అందువల్ల ఆ కోరికను మీరు కాదన్నారని అనుకోకండి. అది మీ చేతిలో ఉన్న కోరిక కాదు.

అబద్ధం విషయానికి వస్తే, “డాక్టరు రేపు వస్తారు” అన్న మాటలో నాకు తప్పు కనిపించదు గాని, అది మీకు పనికిరావడం లేదని మాత్రం అనిపిస్తోంది. దాంతో సంభాషణ ఆగిపోతుంది, ఆయన మనసు ఇంటిమీదే ఉండిపోతుంది, మీరు తలవంచుకుని బయటికి వస్తారు. ఆయన డ్యూటీ అయిపోయిందంటే, ఇవాళ రద్దీ ఎలా ఉందని అడగండి. పామర్రులో ఎంతమంది ఎక్కారు, పెడన మీదుగా ఎందుకు తిప్పలేదు, టికెట్టు లేకుండా ఎవరైనా దొరికారా, ఇలాంటివి అడగండి. మీకు ఆ రూటు తెలుసు కనుక అడగగలరు, అక్కడి సిబ్బందికి అది తెలియదు. కాబట్టి ఒక కాగితం మీద ఆ ఊళ్ల పేర్లు వరుసగా రాసి వాళ్లకు ఇవ్వండి. మా అమ్మ ఉన్నచోట కూడా ఆమె ఏ పూట ఏ పాట పాడేది, కాఫీలో చక్కెర ఎంత, స్నానానికి ముందు నూనె రాసుకునే అలవాటు, అన్నీ రాసి మంచం దగ్గర అంటించాము. స్నానం చేయించేటప్పుడు జరిగే పెనుగులాట దాంతో సగానికి సగం తగ్గింది.

ఆదివారం వెళ్లడం మానుకోగలరేమో చూడండి. ఆ రోజు అందరి బంధువులూ వస్తారు, గోలగా ఉంటుంది, ఆ హడావుడికే చాలామందికి చికాకు పెరుగుతుంది. పనిదినాల్లో ఒక పూట సెలవు పెట్టి అయినా ఉదయం పది, పదకొండు గంటల ప్రాంతంలో వెళితే ఆయన తేటగా ఉంటారు. మధ్యాహ్న భోజనానికి పిలిచే సమయానికి మీ సందర్శన పూర్తయ్యేలా చూసుకోండి. ఆయన కంచం ముందు కూర్చున్నాక, వస్తానని చిన్నగా చెప్పి కదలండి. గేటు దాకా వెంటబెట్టుకుని వచ్చి వీడ్కోలు చెప్పడం వంటివి మీకూ ఆయనకూ శిక్షే.

దసరాకు తీసుకురావడం గురించి నా అభిప్రాయం కాస్త కటువుగా అనిపించవచ్చు. ఈ ఏడాదికి వద్దు. కొత్తచోట కుదురుకుంటున్న మనిషిని పండగ సందడిలోకి తెచ్చి, రెండు రోజుల తరువాత మళ్లీ తీసుకువెళితే, చేర్చిన రోజు పడ్డ వేదనంతా మొదటినుంచి మళ్లీ పడవలసి వస్తుంది. అదే పండగను మీరే అక్కడికి తీసుకువెళ్లండి. అమ్మగారి చేత నాలుగు గారెలు చేయించండి, అయితే మింగడంలో ఇబ్బంది ఉందో లేదో సిబ్బందిని ముందుగా అడిగి, అవసరమైతే పాలలో నానబెట్టి మెత్తగా చేసి పెట్టండి.

ఇక అసలు ప్రశ్న. అమెరికాలో పాలీన్ బాస్ అనే కుటుంబ మానసిక శాస్త్రవేత్త ఉన్నారు. 1970లలో ఆమె, వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల భార్యలతో మాట్లాడారు. మనిషి లేడు, అలాగని పోయాడని చెప్పే ఆధారమూ లేదు. దుఃఖించడానికి వాళ్లకు అనుమతి దొరకదు, మరిచిపోవడానికి మనసు ఒప్పదు. తరువాతి కాలంలో ఆమె డిమెన్షియా ఉన్నవారి కుటుంబాలలోనూ అదే స్థితిని, తలకిందులుగా చూశారు. ఇక్కడ మనిషి కళ్లెదుటే ఉంటాడు, మనకు తెలిసిన మనిషి మాత్రం ఉండడు. కర్మకాండ లేని, పరామర్శకు ఎవరూ రాని దుఃఖం ఇది. మీరు నేరం చేసినట్టుగా అనుభవిస్తున్నదానిలో చాలా భాగం ఆ దుఃఖమేనని నా నమ్మకం. దుఃఖానికి మనం ఏమీ చేయలేము, తప్పుకైతే దిద్దుబాటు ఉంటుంది. అందుకే మనసు దాన్ని తప్పుగానే చూడాలనుకుంటుంది. నాకు అది పూర్తిగా పోలేదు. కానీ అమ్మను, జబ్బుకు ముందున్న అమ్మతో పోల్చడం మానేసి, మా ఇంట్లో గడిపిన ఆఖరి నెలల్లో ఎలా ఉండేదో దానితో పోల్చి చూడడం మొదలుపెట్టాక, రోజులు గడిచేకొద్దీ పదును తగ్గింది.


జవాబు: పెద్దకోడలు, భీమవరం దగ్గర

నేను మరొక వైపు నుంచి రాస్తున్నాను. మా అత్తగారిని చివరిదాకా ఇంట్లోనే చూసుకున్నామని మావారు, మా మరుదులు ఈనాటికీ పదిమందిలో చెప్పుకుంటారు. వినేవారు మెచ్చుకుంటారు. చూసుకున్నది నేను.

దీన్ని ఫిర్యాదుగా రాయడం లేదు. అత్తగారు నాకు తల్లిలాంటి మనిషి. అయితే మన ఊళ్లలో “ఇంట్లోనే చూసుకున్నారు” అన్న వాక్యానికి కర్త ఎవరో ఎవరూ అడగరు. పక్కలో తడి అయితే రాత్రి రెండుసార్లు లేచి దుప్పట్లు మార్చిందెవరు, గోళ్లతో రక్కితే ఆ చేతులతోనే అన్నం కలిపి పెట్టిందెవరు, పుట్టింట్లో పెళ్లికి వెళ్లకుండా ఆగిపోయిందెవరు అని అడిగితే, ఎక్కువ ఇళ్లలో ఒక ఆడమనిషి పేరే వస్తుంది. మీ ఇంట్లో ఆ మనిషి మీ అమ్మగారు. ఆవిడ మణికట్టు విరిగింది. మీరు నాన్నగారి గురించి ఇంత వివరంగా రాసి, అమ్మగారి మణికట్టు గురించి ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయారు. ఈ మాట మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు. మీ నిర్ణయం ఎవరికోసం జరిగిందో మీరే మరిచిపోతున్నారని చెప్పడానికే అంటున్నాను. మీ భార్య గురించి అసలు రాయలేదు. ఆవిడ ఎలా ఉన్నారు?

ఇంకొక సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. ఇంట్లో ఉంచుకున్నంత మాత్రాన ఈ బాధ రాకుండా ఉండదు. మేము బజారుకు వెళ్లవలసి వచ్చినప్పుడు గది బయట గొళ్లెం పెట్టి వెళ్లేవాళ్లం, లోపలినుంచి ఆవిడ తలుపు తట్టే చప్పుడు వీధి చివరిదాకా వినిపించేది. అది మంచి సంరక్షణ అని నేను ఎవరికీ చెప్పను. మాకు దగ్గరలో మరో దారి లేదు, ఉన్నా డబ్బు లేదు. ఆ మాటకొస్తే, ఇంట్లో ఉంచడమే ప్రేమ, బయట ఉంచడం ప్రేమ లేకపోవడం అనే లెక్క డబ్బూ, గదులూ, మనుషులూ సమృద్ధిగా ఉన్నవారు వేసిన లెక్క.

పెద్దనాన్నగారిని ఏమీ అనకండి. వీలైతే ఆయనను ఒక ఉదయం మీతోపాటు ఆ కేంద్రానికి తీసుకువెళ్లండి. చూశాక కూడా అదే మాట అంటే, అప్పుడు నాన్నగారిని పదిహేను రోజులు వాళ్లింట్లో ఉంచుకోమని మర్యాదగా అడగండి. మా బంధువుల్లో ఆ ప్రశ్న తరువాత విమర్శ చాలావరకు ఆగిపోయింది.


జవాబు: వృద్ధుల వైద్యంలో ఉన్న డాక్టరు

పై ఇద్దరూ మనసు సంగతి చక్కగా చెప్పారు. నేను వేరే కోణం నుంచి కొన్ని విషయాలు చేరుస్తాను. నేను మీ నాన్నగారిని చూడలేదు కనుక వీటిని సాధారణ విషయాలుగానే తీసుకుని, ఆయనకు చికిత్స చేస్తున్న వైద్యులతో మాట్లాడండి.

మీరు ఒంటరివారు కారు. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. వీరిలో అత్యధికులను ఇళ్లలోనే చూసుకుంటున్నారు. ప్రత్యేక కేంద్రాలు నగరాల్లోనే, అదీ వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. మీ బంధువులకు ఆశ్రమానికీ డిమెన్షియా కేంద్రానికీ తేడా తెలియకపోవడానికి ఇదొక కారణం. తమ పనులు తాము చేసుకోగలిగిన పెద్దల కోసం ఉన్న వృద్ధాశ్రమాల్లో చాలావరకు డిమెన్షియా ఉన్నవారిని చేర్చుకోవు.

నా దగ్గరికి వచ్చే కుటుంబాలకు నేను చెప్పేదేమిటంటే, తప్పు చేశానన్న భావనను, ఆయనకు అక్కడ ఏమవుతుందోనన్న ఆందోళనను విడదీసి చూడమని. మొదటిదానికి నా దగ్గర మందు లేదు. రెండవదాన్ని మాత్రం పరీక్షించి చూడవచ్చు, పరీక్షించి తీరాలి. కేంద్రం శుభ్రంగా ఉందని, మనుషులు మర్యాదగా ఉన్నారని మీరు రాశారు. అవి మంచి సూచనలే గాని సరిపోవు. నెలనెలా బరువు చూస్తున్నారా, ఆ అంకెలు మీకు చూపిస్తున్నారా? మందుల చీటీ మీ చేతికి ఇస్తున్నారా? మీరు చెప్పకుండా వెళ్లినప్పుడు ఆయన ఏ స్థితిలో ఉన్నారు? పగలంతా తూలుతూ, మత్తుగా ఉంటే నిర్లక్ష్యం చేయవద్దు. రాత్రి కలవరాన్ని అణచడానికి కొన్ని చోట్ల యాంటీసైకోటిక్ మందులు, అంటే తీవ్రమైన మానసిక జబ్బులకు ఇచ్చే మందులు, వాడతారు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ మందులవల్ల మరణించే ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. వాటి అవసరం ఎప్పుడూ ఉండదని నేను అనను. తనకో ఇతరులకో హాని జరిగే పరిస్థితిలో తక్కువ మోతాదులో, కొద్దికాలం, క్రమం తప్పకుండా సమీక్షిస్తూ వాడవలసి రావచ్చు. కానీ ఎందుకు మొదలుపెట్టారో, ఎప్పుడు తగ్గిస్తారో అడిగే హక్కు మీకుంది.

అలాగే ఒకటి రెండు రోజుల్లోనే మనిషి హఠాత్తుగా మారిపోతే, అంటే మునుపటికంటే బాగా అయోమయంగానో, మునుపు లేని మత్తుగానో ఉంటే, జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకండి. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నీరు తక్కువ తాగడం, కొత్త మందు, ఎక్కడైనా నొప్పి, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. నొప్పిగా ఉందని చెప్పలేని మనిషి ఆ నొప్పిని కోపంగా చూపిస్తాడు. కొడుకుగా మీరు అక్కడికి వెళ్లడంలో ఉన్న అసలు ప్రయోజనం ఇది. రోజూ చూసే అటెండెంటుకు కనిపించని మార్పు వారానికొకసారి చూసే మీ కంటికి కనిపిస్తుంది.

చట్టం విషయంలో మీ పెద్దనాన్నగారు సగమే చెప్పారు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లో 24వ సెక్షను ఉన్నమాట నిజమే. వృద్ధుల బాగోగులు చూడవలసినవారు, వారిని పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే మూడు నెలల వరకు జైలు, లేదా ఐదువేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని అందులో ఉంది. ఖర్చు భరిస్తూ, వారం వారం వెళ్లి చూస్తూ, వైద్యం చేయిస్తున్న మీరు అందులోకి ఎలా వస్తారు?

అమ్మగారి విషయం నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. తిండి తగ్గడం, ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం, తెల్లవారకముందే మెలకువ రావడం వారాల తరబడి కొనసాగుతుంటే అది కుంగుబాటు కావచ్చు, దానికి చికిత్స ఉంది. వయసు మీదపడిందిలే, దిగులులే అని వదిలేయకుండా ఒకసారి చూపించండి. ఆవిడను అక్కడికి మీతో తీసుకువెళుతున్నారో లేదో మీరు రాయలేదు. తీసుకువెళ్లి, ఆయనకు అన్నం తినిపించే పనో, తల దువ్వే పనో ఆవిడకు అప్పగించమని సిబ్బందిని కోరండి. యాభై ఏళ్లుగా చేస్తున్న పని ఒక్కసారిగా చేతిలోనుంచి తీసేస్తే ఎవరికైనా కాలు నిలవదు. కుటుంబాల కోసం అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా అనే స్వచ్ఛంద సంస్థ 1992 నుంచి పనిచేస్తోంది, దానికి హైదరాబాదులోనూ శాఖ ఉంది. వయోవృద్ధుల కోసం దేశమంతటా పనిచేసే 14567 హెల్ప్‌లైను కూడా ఉంది.


జవాబు: డాలస్ నుంచి ఒక తెలుగువాడు

మీ తమ్ముడి స్థానంలో ఉన్నవాణ్ని కనుక ఆ వైపు నుంచి రెండు మాటలు రాస్తాను. దూరంగా ఉన్నవాడికి కూడా ఈ బాధ ఉంటుంది, కాకపోతే అది మౌనంగానో, అనవసరమైన సలహాలుగానో, అడగకుండా పంపే డబ్బుగానో బయటపడుతుంది. విషయం మాట్లాడడానికి ఇష్టపడడని అన్నారు కదా. మాట్లాడమని అడగకుండా, ఒక పని అప్పగించి చూడండి. కేంద్రంతో ప్రతి నెలా లెక్కలు చూడడం, మందుల చీటీ దాచడం, డాక్టరుతో వీడియోలో మాట్లాడడం వంటివి పుణే నుంచైనా చేయవచ్చు.

మా అమ్మ ఇక్కడే మా దగ్గర ఉంటూ జబ్బు పడింది. ఇక్కడ డిమెన్షియా ఉన్నవారిని చూసుకునే మెమరీ కేర్ కేంద్రాలు వీధికొకటి ఉన్నట్టే ఉంటాయి, కానీ అక్కడ నివసించే ఖర్చును వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికేర్ భరించదు, అంతా చేతినుంచే పెట్టుకోవాలి. అంతకంటే పెద్ద కష్టం భాష. తరువాత నేర్చుకున్న భాష ముందుగా జారిపోవడం ఈ జబ్బులో తరచుగా జరుగుతుంది. అమ్మకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషు మొదటి ఏడాదిలోనే పోయింది. దాహంగా ఉందని తెలుగులో చెబితే అర్థం చేసుకునేవారు లేరు, చారన్నం ఎలా ఉంటుందో తెలిసినవారు లేరు. చివరికి ఆమెను హైదరాబాదులో మా అక్క ఇంటికి దగ్గరగా ఉన్న ఒక కేంద్రానికి మార్చాము. అక్కడి ఆయా, “ఏం పెద్దమ్మా, తిన్నావా” అని పలకరించిన రోజున అమ్మ తలెత్తి చూసిందని అక్క చెప్పింది. మీ నాన్నగారి చుట్టూ ఆయన భాష మాట్లాడేవారున్నారు. పామర్రు అంటే ఏమిటో తెలిసినవారు ఉన్నారు. మీకు అది మామూలు విషయంగా కనిపించవచ్చు.

బాధలో పడి మరిచిపోయే కాగితాల సంగతి కూడా చెప్పాలి. మునుపెప్పుడో నాన్నగారి చేత పవరాఫ్ అటార్నీ రాయించుకుని ఉంటే దానిమీద ఆధారపడకండి. ఇచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే ఆ అధికారం ముగిసిపోతుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను చెబుతోంది. ఆయన పేరు మీద మాత్రమే ఉన్న ఖాతాలో, ఆస్తిలో లావాదేవీలు జరపాలంటే కోర్టు ద్వారా సంరక్షకులుగా నియమితులు కావలసి రావచ్చు, కాబట్టి ఒక న్యాయవాదిని ముందుగానే కలవండి. పింఛను కోసం ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రానికి ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి ధ్రువీకరించే వీలుంది. ఆయనను ఆఫీసుకు తిప్పనక్కరలేదు, ఉదయం తేటగా ఉన్న పూట కేంద్రంలోనే పూర్తి చేయవచ్చు.


తిరిగి: కూకట్‌పల్లి వాసి

అందరికీ కృతజ్ఞతలు. పెద్దకోడలు గారి మాటలు మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు, తరువాత, “నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు, ఆ ఏడాది నేను ఉద్యోగం మానేద్దామనుకున్నాను” అంది. ఆ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. దానిమీద మేమిద్దరం ఇంకా మాట్లాడుకోవలసింది చాలా ఉంది.

బెంగళూరు వారు చెప్పినట్టు ఈసారి బుధవారం ఉదయం వెళ్లాను, అమ్మను కూడా తీసుకువెళ్లాను. ఇంటికి వెళదామని నాన్నగారు రెండుసార్లు అన్నారు. పెడన మీదుగా వెళ్లే బస్సు గురించి అడిగితే, అది తన రూటు కాదని కోప్పడి, ఆ రూటు కండక్టరును కాసేపు తిట్టారు. అమ్మ పక్కన కూర్చుని పెరుగన్నం తినిపించింది. అమ్మ ఎవరో ఆయనకు తెలిసిందని నేను చెప్పలేను. “ఈవిడకు ముందు సీటు ఇవ్వండి” అని మాత్రం అన్నారు. తిరుగు ప్రయాణంలో అమ్మ చాలాసేపు ఏడ్చింది, ఇంటికి వచ్చాక మాత్రం తనే వడ్డించుకుని తిన్నది. దసరాకు ఆయనను తీసుకురాకూడదనే నిర్ణయించాము.

నా బాధ తగ్గిందని చెప్పలేను. కానీ ఇప్పుడు దాన్ని కాస్త పక్కన పెట్టి చూడవలసిన పనులు కొన్ని కనిపిస్తున్నాయి. డాక్టరుగారి మాట ప్రకారం మందుల చీటీ అడిగి తీసుకున్నాను. అందులో రాత్రిపూట వేసే ఒక మాత్ర మాకు ఎవరూ చెప్పనిది. అడిగితే, చేరిన వారంలో నిద్రపోవడం లేదని వచ్చి చూసే డాక్టరు రాశారని చెప్పారు. బరువు చేర్చినప్పటికంటే కిలోన్నర తగ్గింది. ఆ మాత్రను వెంటనే ఆపించమని అడగాలా?


జవాబు: వృద్ధుల వైద్యంలో ఉన్న డాక్టరు

మీ అంతట మీరు ఆపించకండి. కొన్ని మందులను ఒక్కసారిగా మానేస్తే కలవరం తిరిగి ఎక్కువ కావచ్చు. ఆ మాత్ర పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ రాసుకుని ఆయనను చూస్తున్న న్యూరాలజిస్టుకు ఈ వారంలోనే చూపించండి. ఇప్పుడు రాత్రి నిద్ర ఎలా ఉందో, పగలు ఎంతసేపు మత్తుగా ఉంటున్నారో ఒక వారంపాటు రాసి పెట్టమని కేంద్రంలోని నర్సును కోరండి, ఆ కాగితం ఉంటే న్యూరాలజిస్టుకు నిర్ణయం తేలికవుతుంది. ఇకమీదట మీకు ఫోన్ చేసి చెప్పకుండా కొత్త మందు మొదలుపెట్టవద్దని కేంద్రానికి రాతపూర్వకంగా ఇవ్వండి.

కిలోన్నర బరువు తగ్గడం కొత్తచోట కుదురుకునే కాలంలో జరగవచ్చు, అయినా పట్టించుకోవలసిందే. భోజనానికి ఎంతసేపు పడుతోంది, మింగేటప్పుడు దగ్గు వస్తోందా, పళ్లసెట్టు సరిగా పట్టి ఉందా అని చూడమనండి. వచ్చే నెల అదే తూకం యంత్రం మీద, అదే పూట మళ్లీ తూయించండి.